భద్రాచలము: పల్లెయా? పట్టణమా?

గత పది సంవత్సరములుగా మన దేశమున “స్మార్టు సిటీ” అను మాట మంత్రమువలె జపింపబడినది. 2015 జూన్ 25న కేంద్రప్రభుత్వము ఈ పథకమును ఆరంభించి, నూరు నగరములను విడతలవారీగా ఏరి, ఒక్కొక్క నగరమునకు 500 కోట్ల రూపాయలు తన వంతుగా ఇత్తునని పలికి, పలుమారులు గడువు పెంచి, 2025 మార్చి 31తో ఆ పద్దు మూసివేసినది. పనులు 8 వేలకు పైచిలుకు. వాని మొత్తము లక్షన్నర కోట్లకు మించినది. తెలంగాణమున వరంగల్లు, కరీంనగరము, ఆంధ్రప్రదేశమున విశాఖపట్టణము, కాకినాడ, తిరుపతి, అమరావతి ఆ నూటిలో చేరినవి. ఖమ్మము చేరలేదు. భద్రాచలము చేరు ప్రశ్నయే లేదు. ఏలయన చట్టము దృష్టిలో భద్రాచలము నగరము కాదు, పట్టణమును కాదు; గ్రామము.

2011 జనాభా లెక్కలలో ఆ ఊరి జనము 50 వేలకు మించినది. లెక్కలు వ్రాసిన శాఖ దానిని పట్టణమనియే నమోదు చేసినది. పాలించు శాఖ మాత్రము గ్రామపంచాయతీ యనుచున్నది. శ్రీరామనవమికి లోకమెల్ల వచ్చి దిగు ఊరు. నాలుగు రాష్ట్రముల మన్యమునకు ఆసుపత్రియు, అంగడియు, బస్సుల మజిలీయునైన ఊరు. ఏటేట అంతస్తుపై అంతస్తు పేర్చుకొని ఆకాశమునకు పెరుగుచున్న ఊరు. దీని చెత్తబండియు, వీధిదీపమును, మురుగుకాలువయు రెండువేల జనముగల పల్లెకు వ్రాసిన చట్టపు కొలతకే ఒదిగి యుండవలెను. చొక్కా బాలునిది, తొడుగుకొనువాడు మల్లుడు.

ఇట్టి ఊరిని గూర్చి చెప్పుచు స్మార్టు సిటీల ప్రస్తావన యేల యని పాఠకులలో కొందరు నవ్వవచ్చును. మా అభిప్రాయము వేరు. నగరమునకు తెలివి ఎక్కడనుండి వచ్చునో పరీక్షింప దలచినవారు విశాఖ సముద్రతీరమునకు పోనక్కరలేదు. గోదావరి కరకట్టపై ఒక వర్షకాలము నిలిచిన చాలును.

స్మార్టు సిటీ యనగా నేమి? కొలుచు యంత్రము, కబురు మోయు తీగ, ఆ కబురందిన చోట కూర్చుండి ఆజ్ఞలిచ్చు గది. పత్రములలోని విశేషణములను తొలగించినచో మిగులునది ఇంతియే. భద్రాచలమునకు ఇందులో మొదటి రెండును ఏనాడో అమరినవి. కేంద్ర జలసంఘమువారు అచ్చట గోదావరి మట్టమును గంటగంటకు కొలుచుచున్నారు. ఎగువనున్న పేరూరు, ఏటూరునాగారములనుండి రాబోవు నీటి సంగతి ముందే తెలియుచున్నది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ మూడంకెల నెరుగని బాలుడు ఆ ఊర లేడు. 1986 ఆగస్టున 75.6 అడుగులు, 2022 జూలైన 71.3 అడుగులు, ఇవి వారికి సుమతీ శతకమువలె కంఠస్థములు. కావున తెలివికి కొదువ లేదు. ఆ తెలివి వచ్చి చేరవలసిన మూడవది, ఆజ్ఞలిచ్చు గది, అచ్చట లేదు. లేదనుట కన్న, అరడజను గదులున్నవనుట నిజము.

కరకట్ట నీటిపారుదల శాఖవారిది. కరకట్ట వెనుక వీధులలోని మురుగుకాలువ పంచాయతీది. గోదావరి పెరిగినపుడు కట్టలోని తూములు మూయవలెను. మూసినంతనే ఊరిలో కురిసిన వాన బయటికి పోదు. దానిని మోటారులతో తోడి నదిలో పోయవలెను. తూము నొకరు మూయుదురు, నీరు మరియొకరి కాలువలో నిలుచును, మోటారు ఎవరి పూచీయో ఆ రాత్రి తేలవలెను. కనుకనే నది కట్టను దాటకున్నను రామాలయము చెంత విస్తా కాంప్లెక్సులోనికి నీరు వచ్చుచున్నది. గుడి దేవాదాయశాఖవారిది. నేల రెవిన్యూవారిది. గిరిజనుల క్షేమము సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థవారిది. పెద్దరహదారి మరియొక శాఖవారిది. ఇందరిలో భద్రాచలము ఎవరిది? ఓటు వేసి నిలదీయుటకు ఊరివారికి దొరకువాడు సర్పంచి యొక్కడే, అతని చేతనున్నది చీపురొక్కటే. ఆ సర్పంచియైనను ఎల్లకాలము నుండడు: 2024 ఫిబ్రవరి మొదలు 2025 డిసెంబరు ఎన్నికలవరకు తెలంగాణమున పంచాయతీలు ప్రత్యేకాధికారుల చేతనే నడచినవి.

2022 జూలై 17న, వరద యింకను పూర్తిగ తీయకమునుపే, నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు భద్రాచలమునకు వచ్చి, ముంపునకు శాశ్వత పరిష్కారముగా 1,000 కోట్ల రూపాయలు ప్రకటించిరి; ముంపుబాధితులకు ఎత్తైన నేలపై కాలనీ కట్టింతుమనిరి. మంచి మాటయే. కాని ఆ ఊరికి ఎత్తైన నేల ఎక్కడ మిగిలినది?

2014లో రాష్ట్రవిభజన దినమునకు కొలది దినములముందు ఆర్డినెన్సుతోను, జూలైలో పార్లమెంటు ఆమోదముతోను పోలవరపు ముంపు మండలములు ఆంధ్రప్రదేశమునకు బదిలీయైనవి. భద్రాచలము మండలములో భద్రాచలము రెవిన్యూ గ్రామమొక్కటి విడిచి తక్కినదంతయు ఆవలికి పోయినది. కాయలోని గింజను తీసి ఈవల నుంచి గుజ్జు నావల పెట్టినట్లైనది. యటపాక, గుండాల, పురుషోత్తపట్నము, కన్నాయిగూడెము, పిచుకలపాడు అను ఐదు పంచాయతీలు ఊరికి పెరటిదొడ్లవంటివి. అవి వేరు రాష్ట్రమైనవి. భద్రాచలమునుండి దుమ్ముగూడెము, చర్ల పోవలెనన్న తెలంగాణమువాడు ఆంధ్రప్రదేశపు నేలమీద కొంత నడచి మరల తెలంగాణమున అడుగిడవలెను. పురుషోత్తపట్నమున రాములవారికి 800 ఎకరములకు మించిన మాన్యమున్నది. దేవు డొక రాష్ట్రమున, ఆయన పొలము మరియొక రాష్ట్రమున. ఊరికి ఒకప్రక్క నది, తక్కిన ప్రక్కల సరిహద్దు. చెత్త పోయుటకు చోటులేక అది గోదావరి దెసకే నడచినది. తొట్టి నిండినదని కబురుపంపు యంత్రమును స్మార్టు సిటీలలో అమర్చుచున్నారు. భద్రాచలమున దాని నమర్చిన నేమి ఫలము? నిండిన సంగతి కంటికే కనుపించుచున్నది. పోయుటకు నేల కావలెను. నేలకొరకు రెండు ప్రభుత్వములు మాటలాడుకొనవలెను. 2024 జూలై 6న ఉభయ ముఖ్యమంత్రులు హైదరాబాదున కూర్చుండి విభజన సమస్యలకు సంఘములు వేయ నిశ్చయించిరి. పెద్ద ఆస్తుల పంపకముల నడుమ ఒక ఊరి చెత్తకుప్ప సంగతి ఏ సంఘము వంతునకు వచ్చునో!

ఈ సీమకు చేతులు మారుట క్రొత్తకాదు. 1860లో నైజాము దీనిని ఆంగ్లేయులకు విడిచెను. వారు మధ్యపరగణాలలో కలిపిరి. 1874లో అచ్చటనుండి తీసి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో వేసిరి. ఆ మార్పుతో రేకపల్లి మన్యమున పోడుపన్ను సుమారు మూడింతలైనది, కొన్ని అడవులలో పోడే కూడదన్నారు. 1879లో రంపలో చెలరేగిన పితూరీ రేకపల్లికి ప్రాకుటకు అదియొక కారణము. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాకు వచ్చినవి. 2014లో చీలినవి. మిగిలిన దానికి 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యని పేరు వచ్చినది. ఇన్ని మార్పులలో ఏ యొక్కటియు ఆ నేలమీద నున్న కోయలను, కొండరెడ్లను, తక్కిన ప్రజలను అడిగి చేసినది కాదు. “భద్రాచలం రోడ్డు” అని పేరుగల రైలుస్టేషను సైతము ఆ ఊరికి సుమారు 40 కిలోమీటర్ల దవ్వున కొత్తగూడెమున నున్నది! 2024 ఆగస్టులో పాండురంగాపురమునుండి భద్రాచలముమీదుగా మల్కనగిరికి రైలుమార్గమును కేంద్రము ఆమోదించినది. ఆ రైలు వచ్చుననియే మేమును నమ్ముచున్నాము.

ఇక, ఊరు పెరిగినది గదా, పురపాలికగా ఏల మార్చరని యడుగువారు కలరు. ఇచ్చట రాజ్యాంగమే అడ్డు నిలుచుచున్నది. 1993 జూన్ 1న అమలునకు వచ్చిన 74వ సవరణ దేశములోని పట్టణములన్నిటికి ఎన్నికైన సభలను, నియతకాలమున ఎన్నికలను హక్కుగా నొసగినది. కాని 243-జెడ్.సి. అధికరణము ఆ భాగమును షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపకుండ నాపినది; పార్లమెంటు వేరుగా చట్టము చేసి, తగిన మార్పులతో వర్తింపజేయవలెను. గ్రామములకొరకు అట్టి చట్టము 1996లోనే వచ్చినది. దానినే “పెసా” యందురు. పట్టణముల కొరకు 2001లో ఒక బిల్లు రాజ్యసభకు వచ్చినది. చట్టము కాలేదు. నాడు పుట్టిన శిశువు నేడు ఓటువేసి, పెండ్లియాడి, బిడ్డలను ఎత్తుకొని తిరుగుచున్నాడు. బిల్లు మాత్రము ఉయ్యెలనుండి దిగలేదు.

చట్టములేకయే పురపాలికలు చేసినచో నేమగునో చూపుటకు ఇరుగుపొరుగుననే నిదర్శనములున్నవి. పాల్వంచ, మణుగూరు పేరునకు పురపాలికలయ్యును ఎన్నికైన సభ లేక దశాబ్దముల తరబడి అధికారుల చేతిలోనే నడచినవి. పన్ను పట్టణపుపన్ను, ఓటు మాత్రము లేదు. 2025లో పాల్వంచను కొత్తగూడెముతో కలిపి నగరపాలక సంస్థగా చేసిరి. భద్రాచలమునకు వేరువిధమైన వైద్యము తలచిరి: 2022 డిసెంబరున ఊరిని మూడు గ్రామపంచాయతీలుగా చీల్చుటకు ఉత్తర్వు వెలువడినది. చొక్కా బిగువైనదన్న, క్రొత్తది కుట్టించుటకు మారుగా మనిషినే మూడు ముక్కలు చేయదలచిన ఆ బుద్ధిని ఏమనవలయును? ఊరు కాదన్నది, కాదనుట న్యాయమే.

ఇచ్చట గిరిజన సంఘములవారి మాటను మేము శ్రద్ధతో వినవలసియున్నది. పట్టణ చట్టము వచ్చిన గ్రామసభ పోవును, గ్రామసభ పోయిన భూమి పోవును అని వారి భయము. ఆ భయము ఊహలోనుండి పుట్టినది కాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో గట్టిపరచి, ఏజెన్సీలో గిరిజనేతరుని చేతికి, గిరిజనేతరుడు అమ్మినను సరియే, భూమి పోరాదని శాసించిరి. జనులు “వన్ ఆఫ్ సెవెంటీ” అని పిలుచుకొను ఆ శాసనము లేకున్నచో ఈ మన్యమున కోయవానికి నిలువ నీడ యుండెడిది కాదు. దానిని తీసివేసిన గాని భద్రాచలము బాగుపడదని వాదించువారితో మేము ఏకీభవింపము. ఒక ఊరి వీధులకు తారు వేయుటకై ఒక జాతి నేలను తాకట్టు పెట్టరాదు.

ఐనను ఆ శాసనపు నీడలో నేమి జరుగుచున్నదో చూడకుండ కన్నులు మూసికొనుటయు ధర్మము కాదు. చట్టము అమ్మకమును వలదన్నది. అమ్మకము ఆగలేదు, తెల్లకాగితముమీదికి ఎక్కినది. కాగితము తెల్లనిదగుటచే హక్కుపత్రము లేదు. హక్కుపత్రము లేనివాడు కట్టడమునకు అనుమతి యడుగడు. అనుమతి యడుగనిచోట ఇంజనీరు పునాది చూడడు. ఇంజనీరు రావలెనన్న పంచాయతీకి ఆ స్థాయి ఉద్యోగియే లేడు. 2025 మార్చి 26న భద్రాచలమున, నిర్మాణములో నున్న బహుళాంతస్తుల కట్టడము నిలువునా కూలి, అందు పనిచేయుచున్న ఇరువురు కూలీలు మరణించిరి. అనుమతి లేక పైకి లేచినదని పిదప చెప్పిరి. కట్టడము రాత్రికి రాత్రి లేవదు గదా! అంతస్తు తరువాత అంతస్తు నడివీధిలో లేచుచుండగా ఆపుట ఎవరి పని యని వెదకిన, నోటీసు ఇచ్చుట యొకరిది, కూల్చుట యొకరిది, చూచుట అందరిది. ఇచ్చట నష్టపడినది గిరిజనుడా, గిరిజనేతరుడా యను లెక్కతో పనిలేదు. రక్షణ చట్టమున్నది, దానిని నడపు పట్టణపాలన లేదు. ఉన్నచో ఆ చట్టము ఇంకను బిగువుగా నడచును.

పురపాలన యున్నంతమాత్రమున అన్నియు చక్కబడునని మేమనుట లేదు. ఖమ్మమునకు 2012నుండి నగరపాలక సంస్థ కలదు. 2020 డిసెంబరున తెరచిన ఐ.టి. హబ్ కలదు. లకారము చెరువుకట్ట రాత్రులందు దీపములతో మెరయుచున్నది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఆ నగరపు కాలనీలను ముంచినపుడు ప్రకాశనగర్ వంతెనపై కొందరు చిక్కుకొనిరి. ప్రవాహము హోరెత్తుచుండెను, హెలికాప్టరు రాలేకపోయెను, తుదకు జేసీబీ నడుపు ఒక సామాన్యుడు తన బండితో నీటిలోనికి పోయి వారిని తీసికొని వచ్చెను. ఆతని సాహసమునకు జోహారులు. కాని నగరపు ప్రాణరక్షణ ఆతని ధైర్యముపై ఆధారపడవలసి వచ్చుట పాలనకు శోభ కాదు. మున్నేటి గర్భములో ఇండ్లస్థలములు లేవకుండ చూచుటకు ఉపగ్రహచిత్రములు అక్కరలేదు, ఒక సర్వేయరును అతని గొలుసును చాలును. ఆతడు చెప్పినదానిని కాదనని మనసు గల సభ మాత్రము కావలెను. స్మార్టు సిటీగా పేరొందిన వరంగల్లు 2020 ఆగస్టునను, 2023 జూలైనను మునిగినది. నాలాలమీద కట్టిన గోడలు ఆజ్ఞాకేంద్రపు తెరమీద కనబడలేదో, కనబడియు మాటలాడలేదో.

ఆ పథకమునందే ఒక దోషము పుట్టుకతో వచ్చినది. పనులు చేయుటకు నగరసభను నమ్మక, ప్రతి నగరమున ఒక కంపెనీని పెట్టిరి. దానికి రాష్ట్రమును, నగరసంస్థయు చెరిసగము వాటాదారులు; నడుపువాడు నియమింపబడిన అధికారి. వేగము కొరకట. ప్రజలు ఎన్నుకొన్న కౌన్సిలరు తన వార్డులో త్రవ్వుచున్న గోతి ఎవరిదని ఆ కంపెనీ నడుగవలసివచ్చెను. టొరంటో నగరపు సరస్సుతీరమున గూగులు కుటుంబపు కంపెనీ యొకటి ఇట్టి తెలివినగరమునే 2017లో తలపెట్టి, పోగుచేసిన జనుల సమాచారము ఎవరి సొత్తు, ఎవరు జవాబుదారి యను ప్రశ్నలకు ఊరిని సమాధానపరచలేక నలిగి, 2020 మేలో విరమించుకొన్నది. ఆ ఊరివారు ప్రశ్నింపగలిగిరి, ఏలయన వారికి ప్రశ్నించు సభ యుండినది.

మన్యపు అంచున నున్న జనుని దృష్టితో చూచినచో ఈ విషయము మరింత స్పష్టమగును. చర్ల అడవులనుండి జబ్బుపడిన ఆడుబిడ్డను జోలెలో మోసికొని రహదారికి చేర్చి, భద్రాచలము ఆసుపత్రికి తెచ్చుచున్నారు. 2005 తరువాత ఛత్తీసుగఢములోని అల్లకల్లోలమునకు వెరచి ఇటు వలసవచ్చిన గుత్తికోయలకును అదే ఆసుపత్రి. తెలంగాణము వారిని షెడ్యూల్డు తెగగా లెక్కింపలేదు, భద్రాచలము లెక్కలలోను వారు లేరు. ఊరికి నిధులు తలలు లెక్కించి యిచ్చెదరు. ఊరు మోయు భారము ఆ తలలకు ఎన్నో రెట్లు. 1965లో రాధాకృష్ణపండితుడు రాష్ట్రపతిగా వచ్చి గోదావరి వంతెనను తెరచిన నాటినుండి ఆ ఊరు మన్యమునకు గుమ్మమైనది. 2022 డిసెంబరు 28న రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ముగారు వచ్చి యాత్రికుల వసతులకొరకు “ప్రసాద్” పథకపు పనులకు శంకుస్థాపన చేసిరి. ఆదివాసి కుటుంబమున పుట్టిన ఆమె ఆ గడపనెక్కుట మాకు ఎంతయు సంతోషము కలిగించినది. యాత్రికునికి వసతి వచ్చుచున్నది. కాపురమున్నవానికి కౌన్సిలు రావలెను.

మేము కోరునది పెద్దది కాదు. 2001 నాటి బిల్లును దుమ్ముదులిపి, షెడ్యూల్డు ప్రాంత పట్టణములకు ఒక చట్టము చేయుడు. అధ్యక్షపీఠము గిరిజనులకే యుండనిండు. భూబదలాయింపు నిబంధనలో అక్షరము కదలరాదని అందే వ్రాయుడు. వార్డు వార్డుకు సభ యుండి, భూమి విషయమున దాని మాట చెల్లవలెను. కరకట్ట తూములు, మోటారులు, మురుగుకాలువ ఒకే చేతి క్రిందికి రావలెను. ఆ చేయి ఓటునకు జవాబు చెప్పునదై యుండవలెను. ఐదు పంచాయతీల సంగతి తేలువరకు చెత్తకును, ముంపు కాలనీకిని కావలసిన నేలను ఒప్పందముపై ఇచ్చిపుచ్చుకొనుటకు రెండు ప్రభుత్వములకు ఏ చట్టమును అడ్డురాదు. ఆ నేల గ్రామసభల నడిగియే తీసికొనవలెను.

భద్రాచలము మహబూబాబాదు లోకసభ నియోజకవర్గములోనిది. ఆవలి యటపాక అరకు నియోజకవర్గములోనిది. రెండును గిరిజనులకు ప్రత్యేకింపబడిన స్థానములు. రెంట ఎన్నికైనవారును గిరిజనులే. ఆ యిరువురు సభ్యులు ఒకే బల్లపై కూర్చుండి, 2001 బిల్లు ఏమైనదని లోకసభలో ఒక్క ప్రశ్న వేయుటకు హైదరాబాదు అనుమతి గాని, అమరావతి అనుమతి గాని అక్కరలేదు. వచ్చు సమావేశములలోనే ఆ ప్రశ్న వేయవలసినదిగా వారిని కోరుచున్నాము.